ఏ గడిలోనూ పట్టని దరఖాస్తు

సీతారత్నం పుట్టింది పాలకొల్లులో. పెళ్లయ్యాక భర్త దశరథ్ ఉద్యోగం వెంట ఢిల్లీ వచ్చింది. కొన్నేళ్లు ఆర్.కె. పురం ప్రభుత్వ క్వార్టర్లలో ఉండి, తర్వాత మయూర్ విహార్‌లో చిన్న ఫ్లాటు కొనుక్కున్నారు. హిందీ ఆమె కూరగాయల బండ్ల దగ్గర నేర్చుకున్నదే. ఇంగ్లీషు టైపు హయ్యర్ పాసైన సర్టిఫికెట్ ఒకటి పెట్టెలో పడి ఉంది. కూతురు భావన బడికి వెళ్లడం మొదలెట్టాక దాన్ని పట్టుకుని ఉద్యోగానికి బయల్దేరింది. మునిర్కాలో రెండు గదుల ఆఫీసున్న ఒక ట్రస్టు ఆమెను తీసుకుంది.

బస్తీల్లో, పల్లెల్లో మంచి పని చేసే సంఘాలకు గ్రాంట్లు ఇవ్వడం ఆ ట్రస్టు పని. వచ్చిన దరఖాస్తులు వరస పెట్టడం, ట్రస్టీల మీటింగులో ఎవరేమన్నారో రాసుకుని టైపు చేయడం సీతారత్నం పని. పందొమ్మిదేళ్లు ఆ పనే చేసింది. అన్నేళ్లలో మీటింగులో తనంతట తాను నోరు విప్పింది లేదు. మాట్లాడమని ఎవరూ అడగలేదు, మాట్లాడాలని ఆమెకూ తోచలేదు. కానీ ప్రతి దరఖాస్తూ చదివేది. వరస పెట్టడానికి పేరూ ఊరూ చూస్తే చాలు. ఆమె మొదటి వాక్యం నుంచి సంతకం దాకా చదివేది.

"ఎవరో పనులు మానుకుని కూర్చుని రాసుంటారండీ. కనీసం చదవకపోతే ఎలా?" అనేది దశరథ్‌తో.

రెండేళ్ల కిందట వేసవిలో ఘాజియాబాద్ నుంచి ఒక కవరు వచ్చింది. అపార్ట్‌మెంట్ల చెత్త సేకరించి వేరు చేసే ఆడవాళ్లు ఇరవై ఏడుమంది కలిసి పంపిన దరఖాస్తు అది. పిల్లల నోటుబుక్కులోంచి చింపిన నాలుగు కాగితాల మీద హిందీలో రాశారు. నిలబడి చెత్త వేరు చేసుకోవడానికి ఎత్తయిన బల్లలు, మీద ఒక రేకుల కప్పు, చేతులు కడుక్కోవడానికి ఒక కుళాయి కావాలన్నారు. కాగితాలకు ట్రస్టు ఫారం జతచేశారు. ఆ ఫారంలో మొదటి ప్రశ్న: మీ పని ఏ కోవలోది? పర్యావరణం, సామాజిక న్యాయం, బస్తీ బాగు అని మూడు గడులుంటాయి. ఏదో ఒక్కదానికే టిక్కు పెట్టాలి. వీళ్లు మూడింటికీ పెట్టారు.

దరఖాస్తులు చూసే ఇషిత ఇరవై ఆరేళ్ల చురుకైన అమ్మాయి. కాగితం తిప్పి చూసి హిందీలో అంది. "ఆంటీ, దీన్ని రిజెక్ట్స్‌లో పెట్టేయండి. మూడూ టిక్ చేశారు. కంప్యూటర్ తీసుకోదు."

"లోపలేం రాశారో చూశావా అమ్మా?"

"చూసి ఏం చేయను ఆంటీ? రూల్ పెట్టింది నేను కాదు కదా."

అది నిజమే. సీతారత్నం ఆ కవరును మాత్రం రిజెక్ట్స్‌లో పెట్టకుండా తన సొరుగులో పెట్టుకుంది. శనివారం వైశాలి దాకా మెట్రోలో వెళ్లి, అక్కణ్ణుంచి షేర్ ఆటో ఎక్కింది. ట్రస్టు తరఫున కాదు, ఊరికే చూసి రావడానికి.

మురుగుకాలవ పక్క ఖాళీ స్థలంలో ఆడవాళ్లు గొంతుక్కూర్చుని, సీసాలొక పక్కకీ అట్టలొక పక్కకీ వేస్తున్నారు. మీద ఒక టార్పాలిన్ కట్టి ఉంది. దాని నీడ నలుగురికి కూడా చాలడం లేదు. వాళ్ల పెద్ద చాందిని వయసు నలభై లోపే ఉంటుంది. దరఖాస్తు రాసింది ఆమే. సీతారత్నం తానెవరో చెప్పి, ఒక్క గడిలో టిక్కు పెట్టాల్సింది పొరపాటున మూడింట్లో పెట్టారని, కొత్త ఫారం తెచ్చానని, దిద్ది ఇస్తే సరిపోతుందని చెప్పింది.

చాందిని ఫారం అందుకోలేదు.

"పొరపాటు కాదు దీదీ. మూడు సాయంత్రాలు అందరం మాట్లాడుకుని పెట్టాం. మేం వేరు చేయకపోతే ఈ గుట్టకు నిప్పు పెడతారు. ఆ పొగ మా ఇళ్ల మీదికే వస్తుంది. ఇది పర్యావరణం. మేం పదేళ్లుగా వెళ్లే అపార్ట్‌మెంట్ సొసైటీ గేటు దగ్గర ఇప్పటికీ మా పేరు అడగరు, కూడావాలీ, చెత్తది అంటారు. ఇది న్యాయం. ఒకరి పిల్లల్ని ఒకరం చూసుకుంటూ ఇరవై ఏడుమందిమీ కలిసే పని చేస్తాం. అది మూడోది. ఒక్కదానికే పెట్టమంటే మిగతా రెండూ అబద్ధమని మేమే రాసిచ్చినట్టు కాదా?"

సీతారత్నం వాళ్లిచ్చిన టీ తాగి, కొత్త ఫారం సంచీలో పెట్టుకుని తిరిగొచ్చింది. దారి పొడుగునా ఆమెకు ఒకటే ఆలోచన. తాను ఇన్నేళ్లుగా వరస పెట్టిన వాటిలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో.

సోమవారం నుంచి లంచ్ టైములో పాత రిజెక్ట్స్ ఫైళ్లు విప్పడం మొదలెట్టింది. ఆ ప్రశ్న ఫారంలోకి వచ్చి ఆరేళ్లయింది. ఆరేళ్ల ఫైళ్లు చూడడానికి మూడు వారాలు పట్టింది. కాదన్నవాటిలో నూటపద్దెనిమిది కేవలం ఈ టిక్కు వల్లే రిజెక్ట్ అయ్యాయి. దాదాపు అన్నీ ఆఫీసు లేని, ఇంగ్లీషు రాని చిన్న సంఘాలవే. పెద్ద సంస్థల్లో ఏ గడిలో టిక్కు పెట్టాలో తెలిసినవాళ్లు జీతానికి ఉంటారు. ఈ సంగతంతా ఒక్క పేజీలో టైపు చేసి, ఇషిత ముందు పెట్టింది. ఇషిత రెండుసార్లు చదివింది.

"మీటింగులో మీరే చెప్పండి ఆంటీ," అంది. "నేను పక్కనే ఉంటాను."

ఆగస్టులో మీటింగు. ట్రస్టు ఛైర్మన్ సదాశివరావు రిటైరైన పెద్ద అధికారి, కాకినాడ మనిషి. అజెండా సగంలో ఉండగా సీతారత్నం పెన్ను కింద పెట్టింది.

"సార్, నేనొక మాట చెప్పొచ్చాండి?"

గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు. ఆమె కాగితం చూడకుండానే, తనకొచ్చిన హిందీలో చెప్పింది. ఘాజియాబాద్ వెళ్లిన సంగతి, చాందిని అన్న మాటలు, నూటపద్దెనిమిది దరఖాస్తులు, అన్నీ.

సదాశివరావు అంతా విని తెలుగులో అడిగారు. "ప్రాధాన్యాలనేవి ఉండాలి కదమ్మా. మన దగ్గరున్నది కొంచెం. అన్నిటికీ అవునంటే ఇక ఎంచుకోవడం ఏముంది?"

"ఉండాలండి. పది మందిలో ఒక్కరికే ఇవ్వగలం, నాకూ తెలుసండి. కానీ ఆ పదిమందినీ చూశాక కదండీ ఒకరిని ఎంచాలి. మనం ఫారం దగ్గరే కొందరిని ఆపేస్తున్నాం. వాళ్లు చేసే పనేంటో ఈ గదిలో ఎవరికీ తెలీడం లేదు."

ఆయన ముందున్న కాగితాలు పక్కకు జరిపారు. "పందొమ్మిదేళ్లుగా ఇక్కడే ఉన్నారు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదండి. అడక్కపోయినా నేను చెప్పుండాల్సింది. అది నా తప్పే."

ఆయన అక్కడికక్కడే ఏ నిర్ణయమూ తీసుకోలేదు. మరుసటి వారం ఇషితను తీసుకుని తానే ఘాజియాబాద్ వెళ్లారు. ఆ టార్పాలిన్ కింద రెండు గంటలు నిలబడి, వాళ్లతో మాట్లాడి వచ్చారు. తర్వాతి మీటింగులో చాందిని వాళ్లకు గ్రాంటు మంజూరైంది. ఫారం తిరగరాసే పని సీతారత్నానికీ ఇషితకూ అప్పగించారు.

ఇద్దరూ కూర్చుని రాశారు. ఎన్ని గడుల్లోనైనా టిక్కు పెట్టొచ్చు. రాయడం రానివాళ్లు తమ భాషలో ఫోనులో రికార్డు చేసి పంపొచ్చు. ఫోను చేసి మాట్లాడకుండా ఎవరినీ కాదనకూడదు. ఈ మూడింటికీ ట్రస్టీలు ఒప్పుకున్నారు. గ్రాంటు ఎవరికివ్వాలో తేల్చే కమిటీలో బస్తీల మనుషులు కూడా ఉండాలన్న నాలుగోదానికి మాత్రం వెనకాడారు. ఆమె ప్రతి మీటింగులోనూ మళ్లీ అడిగింది. ఏడాది పట్టింది గానీ దానికీ సరే అన్నారు.

ఆగస్టు మీటింగు మినిట్స్ టైపు చేయాల్సింది కూడా ఆమే. అందరి మాటలూ టైపు చేసినట్టే తన మాటలూ చేయాల్సొచ్చింది. 'శ్రీమతి సీతారత్నం సభకు తెలియజేసినదేమనగా' అన్నంతవరకూ ఇంగ్లీషులో కొట్టి, కొంతసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. ఆ కాగితం కాపీ ఒకటి ఇంటికి తెచ్చింది. భావన గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది, ఇంట్లో తెలుగు అర్థం చేసుకుని హిందీలో బదులిచ్చే పిల్ల. కాగితం చదివి, "మమ్మీ, యే ఆప్‌నే బోలా?" అని అడిగింది, ఇది నువ్వే అన్నావా అన్నట్టు. దశరథ్ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ మొదటి నుంచి చదివాడు.

మొన్న చలికాలంలో కమిటీ కూర్చుంది. చాందిని ఇప్పుడు అందులో సభ్యురాలు. ఒక పెద్ద సంస్థ నుంచి నవదీప్ అనే కుర్రాడు వచ్చి, ఒక బస్తీకి మంచినీళ్ల పథకం గురించి తెర మీద బొమ్మలు వేసి బాగా చెప్పాడు. అందరూ తలలూపారు. చాందిని మాత్రం ఒక్క ప్రశ్న అడిగింది.

"భయ్యా, ఆ బస్తీలో ఇప్పుడు నీళ్లు ఎన్నింటికి వస్తాయి?"

అతనికి తెలియదు. ముఖం చిన్నబోయింది.

"పర్వాలేదు. తెలుసుకుని రండి, మళ్లీ వింటాం," అంది చాందిని.

మూడు వారాలకు అతను తిరిగొచ్చాడు. తెల్లారుజామున నాలుగున్నరకు వస్తాయనీ, నలభై నిమిషాలే ఉంటాయనీ, నీళ్లు పట్టడానికి లేచేది ఎక్కువగా ఆడపిల్లలేననీ చెప్పాడు. పాత పథకం పక్కన పెట్టి, పగటిపూట నీళ్లందేలా కొత్తది రాసుకొచ్చాడు. కమిటీ ఒప్పుకుంది.

మయూర్ విహార్‌లో సాయంత్రం పార్కులో నడిచేటప్పుడు పక్క ఫ్లాటు ఉమారాణి, ఆఫీసులో ఏం చేస్తారండీ అని అడిగితే, సీతారత్నం ఈ నీళ్ల సంగతంతా చెప్పింది. "ఆ ప్రశ్న అడిగిన చాందిని మా కమిటీ మెంబరండీ," అన్నప్పుడు ఆమె గొంతు కాస్త పెరిగింది. ముందు నడిచేవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఆమె గొంతు తగ్గించలేదు.