అరుగెత్తు కారు

మా అమ్మ పొట్టి మనిషి. పంతం మాత్రం ఆవిడకంటే మూరెడు పొడుగు. పీట మీద నుంచి పడి తుంటి ఎముక విరిగి, ఆపరేషన్ అయ్యాక ఆ పంతం ఇంకాస్త ముదిరింది. నడుస్తుంది, వంట చేస్తుంది, అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ల పనుల్లో తప్పులు వెతుకుతుంది. ఎవరైనా చెయ్యి పట్టుకుని లేపబోతే మాత్రం విదిలించి కొడుతుంది. “నేనేమన్నా కొబ్బరికాయల బస్తానిట్రా, ఎత్తి పడెయ్యడానికి?” అంటుంది.

ఆ పంతం వల్లే ఆవిడ కాట్రేనికోన వెళ్లడం ఆగిపోయింది. అక్కడ మా పిన్ని ఉంది. మోకాళ్లు అరిగిపోయి ఆవిడా గడప దాటదు. అక్కచెల్లెళ్లిద్దరూ రోజూ ఫోన్లో మాట్లాడుకుంటారు, పోట్లాడుకుంటారు, అలిగి పెట్టేస్తారు. “ఫోన్లో మొహం కనపడుతోందిగా అమ్మా” అన్నానొకసారి. “కనపడితే సరిపోద్దా? దాని చేతి మీద ఒక్కటివ్వాలంటే ఎలా?” అంది. అని, మొహం అటు తిప్పుకుంది. ఆ తిప్పుకోవడం చూశాక నాకు నిద్ర పట్టలేదు.

ఆటో కుదుపులు తుంటికి పడవు. అద్దె కార్లేమో మరీ కిందకుంటాయి. ఒకసారి ఎక్కి, లేవలేక, ఇద్దరు పట్టుకుని లాగితే “నూతిలోంచి తోడినట్టు తోడేరు” అని మళ్లీ ఎక్కనని ఒట్టు పెట్టుకుంది. మిగిలింది మా పాత అంబాసిడర్. సీటు పరుపులా ఉంటుంది, కానీ కారు వెనక భాగం బాగా ఎత్తు. నాన్నగారు ఉన్న రోజుల్లో దాంతో కొబ్బరికాయలు, ఎరువుల బస్తాలు, పెళ్లివారు, అన్నీ మోయించేవారు. వెనక కుంగకుండా కమాన్ కట్టల్లో అదనంగా పట్టీలు వేయించి, ఉన్నవాటి వంపు కూడా పెంచించారు. విల్లులా వంచిన ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి బిగిస్తే అదే కమాన్ కట్ట. కారు వెనక బరువంతా దాని మీదే. నాన్నగారు పోయాక బరువులూ పోయాయి గానీ, కారు మాత్రం తోకెత్తిన పిల్లిలా అలాగే ఉండిపోయింది.

డాక్టరు చెప్పిన పద్ధతి ప్రకారం అమ్మ వెనక్కి తిరిగి సీటు మీద కూర్చుని, అప్పుడు కాళ్లు లోపలికి తిప్పుకోవాలి. సీటంచు ఆవిడ నడుముకి తగులుతోంది. పీట వేస్తానంటే చూసిన చూపు నేను మర్చిపోను.

ఒక సాయంత్రం ఆవిడ అరుగు మీద కూర్చోవడం చూశాను. రోజూ చూసేదే. స్తంభం మీద చెయ్యేసి, వెనక్కి తిరిగి, చప్పుడు లేకుండా కూర్చుంది. ఆ ఎత్తు ఆవిడకి చాలు! చీపురులోంచి ఒక కొబ్బరీనె లాగి, అరుగు పక్కన నిలబెట్టి, ఆ ఎత్తుకి తుంచాను. “బంగారంలాంటి చీపురు పాడుచేస్తున్నావేంట్రా?” అని కేకేసింది.

ఆ ఈనె పట్టుకుని అమలాపురంలో మా కారు ఎప్పట్నుంచో చూస్తున్న మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. ఆయన దాన్ని సీటంచు దగ్గర నిలబెట్టి తలూపాడు.

“బెత్తెడు దింపాలండి.”

“దిగుతుందా?”

“ఆయ్. నాన్నగారు వేయించిన పట్టీలు తీసేస్తే కొంత దిగుద్దండి. మిగతావాటికి వంపు తగ్గిస్తే మిగతాది.”

కారుని వెనక ఎత్తి నిలబెట్టి, చక్రాలూ బోల్టులూ విప్పి కట్టలు కిందకి దించాడు. ఒక కట్టని బిగింపులో పెట్టి మెల్లగా వదిలేసరికి పట్టీలు ఒకదాన్నొకటి విడిచి పైకి లేచాయి, చాలాసేపు బిగబట్టిన ఊపిరి వదిలినట్టు. నేను తెలియకుండానే ఒకడుగు వెనక్కి వేశాను. వాటి మధ్య ఎర్రటి తుప్పు, నల్ల మట్టి, ఎక్కడిదో సముద్రపు ఇసక. నాన్నగారు తిరిగిన రోడ్లన్నీ అక్కడ దాక్కున్నాయనిపించింది.

మేస్త్రీ గచ్చు మీద సుద్దముక్కతో పట్టీకి రావలసిన వంపు గీశాడు. పట్టీని దాగలి మీద బోర్లించి సుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. కాల్చరా అని అడిగాను. “కాలిస్తే ఉక్కు చచ్చిపోద్దండి. చల్లగానే ఒప్పించాలి” అన్నాడు. ఒక్కో దెబ్బకి ఏమీ జరిగినట్టుండేది కాదు. బొటనవేలంత జరిపి మళ్లీ కొట్టేవాడు. నేను విసుగుపడి టీ తాగి వచ్చాను. వచ్చి చూద్దును కదా, గచ్చు మీద నిలబెట్టిన పట్టీ కింద సుద్దగీత కనపడకుండా పోయింది. ఇన్నేళ్లు టన్నులకొద్దీ బరువుకి లొంగని ఉక్కు ఒక ముసలమ్మ కూర్చునే ఎత్తుకి వచ్చి ఆగింది. రెండో వైపుదీ అదే గీతకి వచ్చింది. తీసేసిన పట్టీలు ఏం చెయ్యమంటారని అడిగితే, “వాటితో ఇంకేం పనండీ!” అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఇంటి దగ్గర అమ్మ తలుపు మీద చెయ్యేసి, వెనక్కి తిరిగి, కూర్చుంది. కాళ్లు లోపలికి తిప్పుకుంది. సీటుని అరచేత్తో నిమిరి, “రేపు పొద్దున్నే బయల్దేరదాం” అంది. అంతే.

కాట్రేనికోనలో ముందు పిన్ని చేతి మీద చెళ్లున ఒక్కటిచ్చింది. ఆ తర్వాత ఇద్దరూ ఆ చేతులు వదల్లేదు.

వచ్చేటప్పుడు పిన్ని డిక్కీ తీయించింది. కొబ్బరికాయల బస్తాలు, చక్రకేళీ గెల, ములక్కాడలు, ఎండురొయ్యలు. వద్దంటే వింటుందా! బస్తా బస్తాకీ కారు వెనక కుంగుతూ వచ్చింది. నేనూ మేస్త్రీ ఆ ఈనెని ఖాళీ కారుకి పెట్టి కొలిచాం. కోనసీమలో చుట్టాలింటి నుంచి ఖాళీ డిక్కీతో వచ్చిన కారుని ఎవరైనా చూశారా? మేస్త్రీకి తట్టలేదు, నాకూ తట్టలేదు. నాన్నగారికి తట్టింది.

మొదటి కాలవ వంతెన ఎక్కుతుండగానే కింద పొగగొట్టం నేలకి గరగరా రాసుకుని కారు ఆగింది. వెనక్కి తీసి, దిగి, చక్రం పక్కన గొంతుక్కూర్చుని చూశాను. పట్టీలు బల్లపరుపుగా ఉన్నాయి.

“బస్తాలు దింపేస్తానమ్మా, రేపొచ్చి పట్టుకెళ్తాను.”

“అది పెట్టింది దింపుతావా? నోరుముయ్యి. బరువు తగ్గాలి, అంతే కదా?”

తలుపు తెరుచుకుంది. రెండు కాళ్లూ నేల మీద ఆనాయి. లేచింది. నా కళ్లముందే ఆ పట్టీలు సన్నగా కదిలి, చిటికెనవేలి మందం పైకి లేచాయి. మా అమ్మ బరువు అంతే! అంత పంతానికి అంతే బరువు. నేను లేవడం మర్చిపోయి చూస్తూ ఉండిపోయాను.

ఆవిడ వంతెన మీద నడిచి అవతల నిలబడింది. నేను కారుని నెమ్మదిగా దాటించాను. రాసుకోలేదు. తలుపు మీద చెయ్యి, వెనక్కి తిరగడం, కూర్చోవడం.

“మళ్లీ వంతెనొస్తే ఆపు. దిగుతాను” అంది.

మన సీమలో వంతెనలకేం తక్కువ. ప్రతిచోటా దిగింది, నడిచింది, ఎక్కింది. నేను ఆ తలుపు దగ్గరికైనా వెళ్లలేదు. ఊరు దగ్గర పడ్డాక, కాలవా లేదు, గతుకూ లేదు, చదునైన రోడ్డు మీద “ఆపరా” అంది. ఆపాను. దిగి, ఊరికే నాలుగడుగులు అటూ ఇటూ వేసి, మళ్లీ ఎక్కి కూర్చుంది.