నాలుగో అడుగు దగ్గర

ఈ ఉదయం గల్ఫ్‌లోని మా మెసైమీర్ బిల్డింగ్ సైటులో పని మొదలయ్యే ముందు అందరినీ నిలబెట్టి జాగ్రత్తలు చెబుతుంటే, వరుసలోంచి నొప్పుల మందు వాసన ఘాటుగా వచ్చింది. పదేళ్లుగా సేఫ్టీ ఉద్యోగం చేస్తున్నా ఆ వాసన నాకు పడదు. ఎవరో నొప్పి దాచుకుని పనిలోకి వచ్చారని మనసు పీకుతుంది. ఈ అనుమానం నాకు అంటించిపోయినవాడు ఈమన్ సార్.

ఆయన ఐర్లాండ్ మనిషి, నా మొదటి మేనేజరు. యాభై దాటిన వయసు, తలుపంత భుజాలు, మెట్లెక్కితే కిర్రుమనే మోకాళ్లు. పద్దెనిమిదేళ్లు గేలిక్ ఫుట్‌బాల్ ఆడాడు. జగిత్యాల పక్కన పుట్టిన నాకు కబడ్డీ, క్రికెట్ తప్ప ఏం తెలుసు? అందుకని ఆఫీసు బీరువా మీది పాత తోలు బంతి దించి చూపించేవాడు. ఆ ఆటలో బంతిని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు. కానీ పట్టుకుని నాలుగు అడుగులే వేయాలి. ఆ తర్వాత నేలకు కొట్టాలి, లేదా పాదంతో ఎగరేసి మళ్లీ పట్టుకోవాలి, లేదా తోటివాడికి ఇచ్చేయాలి. ఫైళ్ల మధ్య సరిగ్గా నాలుగు అడుగులు వేసి బంతి నా ఒళ్లోకి విసిరేవాడు. నా టీ ఎన్నిసార్లు ఒలికిందో!

"జీతం బాగా ఇచ్చేవాళ్లా సార్?" అని ఒకసారి అడిగాను.

"పైసా లేదు. ఆదివారం వేలమంది ముందు ఆట, సోమవారం పొద్దున్నే పైపులు బిగించే పని."

"మరి ఎందుకు ఆడారు?"

"అది మా జిల్లా జెర్సీ, శ్రీనూ," అన్నాడు, ఇంకేం చెప్పాలన్నట్టు.

నేను చేరిన ఏడాది జూన్‌లో, మా మండలం నుంచే వచ్చిన రాజన్న స్కాఫోల్డింగ్ ఎక్కబోతూ నిచ్చెన పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. పెద్దవాడు, చెయ్యి తిరిగిన పనివాడు. ఏమైందని దగ్గరికి వెళ్లాను.

"ఏం లే తమ్మీ, జరంత కండ్లు తిరిగినయ్. సార్‌కు చెప్పకు. అన్‌ఫిట్ అని రాస్తే ఇంటికి తోలేస్తరు. మనోనివి, నీకు దండం పెడ్త."

నేను రాయలేదు. మనవాడి పొట్ట కొట్టడమా అనుకున్నాను. రాజన్న మూడో అంతస్తుకు ఎక్కాడు. నేను కింద నుంచి అతణ్నే చూస్తూ ఉండిపోయాను. అతని హెల్మెట్ స్తంభం వెనక్కి పోతే ఊపిరి ఆగేది, మళ్లీ కనిపిస్తే వచ్చేది.

"పొద్దుటి నుంచి ఒక్క మనిషినే చూస్తున్నావు," అన్నాడు ఈమన్ సార్ వెనక నుంచి.

"ఏం లేదు సార్."

ఆయన కోప్పడలేదు. తన కుడి భుజం మీద చెయ్యి వేసుకుని, అంతవరకూ చెప్పని సంగతి చెప్పాడు. ఆయన గోల్ ముందు కాపు కాసే ఆటగాడు. ఎన్నో ఏళ్లకు వాళ్ల జిల్లా ఫైనల్ చేరింది. మూడు రోజుల ముందు ప్రాక్టీసులో భుజం దెబ్బతింది. చెబితే తీసేస్తారని మందు రుద్దుకుని, జాకెట్ మెడదాకా బిగించుకుని తిరిగాడు.

"చివర్లో బంతి పైనుంచి వచ్చింది. ఎగిరాను. చెయ్యి లేవలేదు. అవతలివాడు అందుకుని గోల్ కొట్టాడు, ఓడిపోయాం. మా బెంచి మీద ఒకడు కూర్చున్నాడు శ్రీనూ, రెండు చేతులూ బాగున్నవాడు, ఏడాదంతా నాతోపాటు చెమటోడ్చినవాడు. ఇప్పటికీ నన్ను ఒక్క మాట అనలేదు."

ఆయన మళ్లీ ఆ జెర్సీ వేసుకోలేదు. పద్దెనిమిదేళ్ల ఆట అక్కడే ఆగిపోయింది.

"నాలుగు అడుగులే మోయాలి. నేను మూడు రోజులు మోశాను. నువ్వెప్పటి నుంచి మోస్తున్నావు?"

వేలెత్తి మూడో అంతస్తు చూపించాను.

ఆ మోకాళ్లతోనే సార్ పైకెక్కాడు. తాను కింది మెట్టు మీద, రాజన్న పై మెట్టు మీద, మెల్లగా దిగారు. చివరి నిచ్చెన మీద రాజన్న పట్టు వదిలి సార్ మీద పడ్డాడు, సరిగ్గా ఆ పాత భుజం మీద. సార్ పళ్లు బిగించి నిలబడ్డాడు. క్లినిక్‌లో రాజన్నకు బీపీ విపరీతంగా ఉందన్నారు. ఇంటికి పంపకుండా సార్ వారం పాటు ఆఫీసుల చుట్టూ తిరిగి కింద స్టోరులో పని ఇప్పించాడు. అయినా "నమ్మి చెప్తే పట్టిచ్చినవ్ తమ్మీ" అన్నాడు రాజన్న. నెలల తరబడి నాతో మాట్లాడలేదు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

సార్ రిటైరై వెళ్లిపోయాడు. బంతి ఇప్పుడు నా బీరువా మీద ఉంది. ధైర్యం మాత్రం ఇచ్చి వెళ్లలేదు. ఇలాంటి ప్రతిసారీ నా అరచేతులు తడుస్తాయి.

ఈ ఉదయం కూడా తడిశాయి. ఇంత ఎండలో జాకెట్ మెడదాకా బిగించుకుని, వరుస చివర కొత్త కార్పెంటర్ నిలబడి ఉన్నాడు. అడుగులు లెక్కపెట్టుకుంటూ అతని ముందుకు వెళ్లాను. వద్దన్నట్టు, బతిమాలుతున్నట్టు తల ఊపాడు.

"కుడి చెయ్యి పైకి లేపు అన్నా," అన్నాను.

సగం దాకా లేచి ఆగిపోయింది.

"పా, క్లినిక్‌కు పోదాం. ఇంటికి తోలొద్దని అడగనీకి ఆఫీసుకు గూడ నేనే వస్త."