ఎండలో కుట్టుమిషను

2004 వేసవి. నరసరావుపేటలో మాది కంప్యూటర్లు అసెంబుల్ చేసే కొట్టు. గుంటూరు నుంచి విడిభాగాలు తెచ్చి, బిగించి, చుట్టుపక్కల ఊళ్లకు ఇచ్చేవాళ్లం. పత్తి పండే ప్రాంతం కదా, ఏ కంప్యూటర్ విప్పినా లోపల దూది పోగులు కనిపించేవి. అందుకే ఎవరు ఫోన్ చేసి ఏం చెప్పినా మా మొదటి జవాబు ఒకటే: "దుమ్ము పట్టుంటుందండీ, తుడవండి." సగం సార్లు అది నిజమే అయ్యేది. మిగతా సగం గురించి నేను పెద్దగా ఆలోచించేవాణ్ణి కాదు.

వినుకొండలో ఖాసిం అని ఒక దర్జీ. వరస కలుపుకుని బాబాయ్ అనేవాణ్ణి. రెడీమేడ్ బట్టలొచ్చి కుట్టుపని పడిపోవడంతో, కొట్లో సగం ఖాళీ చేసి గేమ్ సెంటర్ పెడదామనుకున్నాడు. దానికి రెండు కంప్యూటర్లు కావాలన్నాడు.

ర్యామ్ దగ్గర తేల్చుకోవాల్సి వచ్చింది. నడుస్తున్న గేమ్‌ను కంప్యూటర్ చేతికందేలా పరుచుకునే చోటు అది. ఇంచుమించు ఒకే ధరకు రెండు రకాలు దొరికేవి. ఒకటి వేగం ఎక్కువున్న 256 ఎంబీ, రెండోది కాస్త నెమ్మదిగా ఉండే 512 ఎంబీ.

"నాకివేం తెలవదు బాబూ. మీరు ఏది చెబితే అదే" అన్నాడు.

"కారం ఘాటుగా ఉంటే చిటికెడు చాలదా బాబాయ్? వేగమున్నదే వేస్తా."

నా పోలికకు నేనే మురిసిపోయాను. పిల్లలు ఆడబోయే కొత్త గేములకు ఎంత చోటు కావాలో మాత్రం చూడనేలేదు.

నెల తిరక్కముందే ఫోన్ వచ్చింది. "గేము నడుస్తా నడుస్తా ఆగిపోతందండీ. పిల్లలు లేచెళ్లిపోతన్నారు."

"కుట్టుకొట్టు కదా బాబాయ్, పోగులు లోపలికి పోయుంటాయి" అని పెట్టేశాను. ఎదురుగా భోజనం క్యారియర్ విప్పి ఉంది. నా తొందరంతా అదే.

మళ్లీ ఫోన్ రాలేదు. సర్దుకుందనుకున్నాను. ఆ తర్వాత వేరే పనిమీద వినుకొండ వెళ్లి, ఎలాగూ వచ్చాను కదా అని ఆ వీధిలోకి తిరిగాను. కొట్టు బయట, రోడ్డు పక్కన కుట్టుమిషను ఉంది. పైన కట్టిన గోనెపట్టా నీడ పక్కకి జరిగిపోయింది. బాబాయ్ ఎండలోనే స్కూలు చొక్కాలు కుడుతున్నాడు. లోపల ఫ్యాను కింద రెండు కంప్యూటర్లు, వాటి మీద ఉతికిన దుప్పటి.

"ఇదేంటి బాబాయ్, ఇక్కడ కూర్చున్నారు?"

"పోగులని మీరే అన్నారుగా. అందుకే మిషను బయటికి మార్చా. రోజూ తుడుస్తానే ఉన్నా, అయినా ఆగతన్నాయి. మంచి సరుకిస్తే పాడు చేసుకున్నామని అనుకుంటారని, మళ్లీ ఫోన్ చెయ్యడానికి మొహం చెల్లలా."

లోపలికెళ్లి గేమ్ పెట్టాను. హార్డ్‌డిస్క్ దీపం ఆరడం లేదు. ర్యామ్‌లో చోటు చాలక, కంప్యూటర్ మాటిమాటికీ నెమ్మదిగా ఉండే డిస్కు దగ్గరికి పరుగెడుతోంది. ఇక ర్యామ్‌కు ఎంత వేగముంటే ఏం లాభం? డబ్బా విప్పాను. ఒక్క పోగు లేదు. మా కొట్లో కంప్యూటర్లు కూడా అంత శుభ్రంగా ఉండవు.

"దుమ్ము కాదు బాబాయ్. నేనే తప్పు చెప్పాను. వేగం కాదు, చోటు కావాల్సింది. మార్చి ఇస్తాను."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది. ఆయన ముఖం మాత్రం తేటపడింది.

"అయితే తప్పు మాది కాదంటారా? మిషను లోపల పెట్టుకోవచ్చా బాబూ?"

మర్నాడే పెద్ద ర్యామ్‌లు తెచ్చి వేశాను. గేమ్ ఆగలేదు. అప్పటి నుంచి ఏ గేమ్ ఆడతారో అడక్కుండా ఎవరికీ ర్యామ్ చెప్పలేదు. విప్పి చూడకుండా దుమ్ము అన్నదీ లేదు. కానీ నాకు బుద్ధి వచ్చింది మాత్రం అంతకు ముందురోజే, ఆ మిషను లోపలికి చేర్చేటప్పుడు. "మీకెందుకండీ శ్రమ" అంటూ ఆయన ఒకవైపు ఎత్తాడు. రెండోవైపు నేను పట్టుకున్నాను. ఎండకు కాగిన ఇనుము తగిలి చెయ్యి చురుక్కుమంది, గబుక్కున వదిలేశాను. ఆయన మాత్రం వదల్లేదు.