లోపలికి మడిచిన గుడ్డ

వీధి చివర, మెట్ల కింద గదిలో మిషన్ కుట్టే ఆవిడను అందరూ ఎలాగమ్మ అనేవారు. వాన పడితే బట్టలు ఆరేదెలాగ, ఎండ కాస్తే నీళ్లు వచ్చేదెలాగ అని ప్రతిదానికీ బెంగపడేది. "రేపు పొద్దు ఎలా పొడుస్తుందా అని కూడా అక్కకు దిగులే," అనేవాడు పక్క కొట్టు ఇస్త్రీ అతను.

భర్త బస్సు డ్రైవరు. స్టీరింగు వెనక పట్టనంత మనిషి. రోగం పట్టుకున్నాక నెలనెలా చిక్కిపోతుంటే, ఆవిడ ఆయన చొక్కాలు బిగిస్తూ వచ్చింది. ఎక్కువైన గుడ్డను మాత్రం ఎన్నడూ కత్తిరించలేదు. లోపలికి మడిచి కుట్టేది. ఎవరి బట్టలకైనా అదే ఆవిడ పద్ధతి. మళ్లీ ఒళ్లు చేస్తే కుట్లు విప్పుకుంటే సరి.

"ఈ చొక్కాలో నాకంటే గుడ్డే ఎక్కువుందే," అని నవ్వేవాడు ఆయన.

"మీరు తేరుకున్నాక విప్పుతాగా. కానీ ఎలాగండీ..."

"మళ్లీ మొదలెట్టావూ? ఎలాగన్నది దేవుడి పని. మడిచి కుట్టడం నీ పని. ఆయన పనిలో వేలు పెట్టకు."

ఒకరోజు డాక్టరు ఆవిడనొక్కదాన్నే లోపలికి పిలిచి మాట్లాడాడు. ఇంటికొచ్చి, మొహం ఆయనకు కనబడకుండా మిషన్ ముందు కూర్చుని, నీలం చొక్కా బిగించసాగింది. ఎప్పుడు అందుకున్నాయో తెలియదు, చేతులు కత్తెర అందుకున్నాయి.

నేల మీద పడ్డ రెండు నీలం పీలికలను ఆయన మంచం మీంచే చూశాడు.

"డాక్టరు చెప్పేశాడన్నమాట."

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఆయన చెప్పింది నిజమే అయ్యుంటుంది," అన్నాడు భర్త. "అయినా గుడ్డ ఉండనియ్యవే. దేవుడు ఇస్తే ఇస్తాడు, లేదంటే తీసుకుపోతాడు. ముందే కత్తెర వెయ్యడానికి మనమెవరం?"

"ఇక వేలు పెట్టను," అంది ఆవిడ. పీలికలు ఏరి, చొక్కాకు అతికి, లోపలికి మడిచి మళ్లీ కుట్టింది. అతుకు తాడులా గట్టిగా తేలింది.

"ఒరుసుకుంటోందా?" అని అడిగితే, "నువ్వు పక్కనున్నట్టే ఉంది. ఊరుకోకుండా పొడుస్తోంది," అన్నాడు.

ఆ కుట్లు విప్పే రోజు రాలేదు. ఆ చొక్కాతోనే ఆయన్ని సాగనంపారు.

వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక ఇస్త్రీ అతను గుమ్మంలో నిలబడి, "ఇక ఎలాగక్కా?" అన్నాడు. అనేశాక నాలుక కరుచుకున్నాడు.

"నాకు తెలీదు తమ్ముడూ," అంది ఆవిడ. "దేవుడి పనిలో వేలు పెట్టనని మీ బావకు మాటిచ్చాను."

కళ్లనీళ్లు కారుతూనే ఉన్నాయి. ఎవరో చిన్నపిల్ల గౌను సగంలో ఆగి మిషన్ మీదే ఉంది. దాన్ని దగ్గరికి లాక్కుని, పిల్ల ఎదిగితే విప్పుకోవడానికి, అంచు నాలుగు వేళ్ల మేర లోపలికి మడిచింది.