మూడో వాముకు దొరకని మాట

పదేళ్ల కిందట, అక్టోబరు నెలాఖరున, పెర్త్‌లోని కానింగ్ వేల్‌లో ఓట్స్ గడ్డి ఎగుమతి చేసే ఒక కంపెనీలో నేను సీనియర్ గ్రేడరుగా ఉన్నాను. పొలాల నుంచి వచ్చిన గడ్డిని పరీక్షించి తరగతి నిర్ణయించడం నా పని. డ్రిల్లుకు బిగించిన పొడవాటి ఉక్కు గొట్టాన్ని కట్ట లోపలికి దింపి నమూనా తీస్తాం. రంగు, వాసన, కాడ మందం, తేమ చూస్తాం. గ్రేడరు సంతకం లేనిదే కంటైనరు కదలదు.

ఆ ఏడు కొరియా పాడిరైతుల తరఫున గడ్డి కొనే చోయ్ గారు మొదటిసారి వస్తున్నారు. స్వాగత వాక్యం కొరియన్‌లో నన్నే చెప్పమన్నాడు మా ఎగుమతి మేనేజరు గ్రెగ్. ఆదివారాలు మా తెలుగు సంఘమూ, కొరియన్ సంఘమూ ఒకే మందిరంలో ఒకదాని తరవాత ఒకటి ఆరాధన చేసుకునేవి. అక్కడ భోజనాలు చూసే సూంజా ఆంటీ దగ్గర నేను నాలుగు మాటలు నేర్చుకుంటున్న సంగతి అతనికి తెలుసు.

సమృద్ధిని చెప్పే విశేషణాలు కావాలని అడిగితే, ఆంటీ మందిరం వంటగదిలో గిన్నెలు పరిచి నేర్పారు. "మాన్తా" అంటే ఊరికే ఎక్కువ. వడ్డన ధారాళంగా ఉంటే "పుజిమ్‌హాదా". పంట విరగపండితే "పుంగ్‌సంగ్‌హాదా". అందరూ తిన్నాక కూడా మరొకరికి సరిపోయేంత మిగిలితే "నంగ్‌నకాదా". ఈ చివరిది నాకు వెంటనే పట్టుబడింది. బైబిల్లో ఐదు రొట్టెలు వేలమందికి పంచాక గంపలకొద్దీ మిగిలిన సంగతి ఆదివారం బడిలో ఏళ్ల తరబడి పిల్లలకు చెప్పినవాణ్ణి. ఆంటీ మాత్రం ఒక ఖాళీ గిన్నె నా ముందుకు తోసి, వచ్చీరాని ఇంగ్లిషులో హెచ్చరించారు. ముందు గిన్నెలోకి చూడాలి, ఆ తరవాతే మాట.

చోయ్ గారు రావడానికి ముందురోజు షెడ్డులోని మూడు గడ్డివాములనూ పరీక్షించాను. రెండు బాగున్నాయి. మూడోదాని ముందు వరుసలు పచ్చగానే ఉన్నాయి కానీ, వెనక కట్టల లోపల గడ్డి గోధుమరంగుకు తిరిగింది. కోసి ఆరబెట్టినప్పుడు వానలో తడిసిన గడ్డి అది. రెండో తరగతి వేశాను. గ్రెగ్ ముఖం మాడ్చుకున్నాడు. కాగితం సంగతి తరవాత చూద్దాం, రేపు మాత్రం షెడ్డు మొత్తానికీ "పుంగ్‌సంగ్‌హాదా" అనమన్నాడు. ఈ ఒప్పందం పోతే ఇద్దరి ఉద్యోగాలకూ పూచీ లేదన్నాడు.

ల్యాబ్‌లో పనిచేసే కావ్యకు ఇది వేడుకగా తోచింది. నెల్లూరమ్మాయి, ఇక్కడే యూనివర్సిటీలో చదివి చేరింది.

"అంకుల్, ఒక్క వర్డే కదా, అనేయండి. ఆయన గడ్డి కొంటాడా, మీ కొరియన్ కొంటాడా?"

"నా సంతకం కొంటాడమ్మా."

"అబ్బో! అయితే ప్రేయర్ చేసుకుని రండి. గ్రెగ్ మూడ్ అస్సలు బాలేదు."

చేసుకునే వెళ్లాను.

చోయ్ గారు తన గొట్టం తానే గుడ్డసంచిలో తెచ్చుకున్నారు. అమ్మేవాణ్ణి ఇంకా నమ్మని కొనుగోలుదారులు అలాగే వస్తారు. మొదటి రెండు వాముల దగ్గర "నంగ్‌నకాదా" అన్నాను. ఆయన కనుబొమలు పైకి లేచాయి. మూడోదాని దగ్గర ఏమీ అనలేదు. వెనక్కి తీసుకెళ్లి, గొట్టం దింపి, వచ్చిన గడ్డిని ఆయన అరచేతిలో పోశాను. గ్రెగ్ తన బూట్ల వంక చూసుకుంటున్నాడు. చోయ్ గారు గడ్డి వాసన చూసి, ఆ మాటలు ఎవరు నేర్పారని ఇంగ్లిషులో అడిగారు. మా మందిరంలో వంట చూసే ఆంటీ అన్నాను. బాగా నేర్పారు అన్నారాయన.

ఆయన రెండు వాములు కొన్నారు. మూడోది ఇక్కడి పశువులకే మేతగా పోయింది. గ్రెగ్ వారంపాటు నాతో ముక్తసరిగా ఉన్నాడు. మరుసటి సీజను ఆర్డరు వచ్చాక, కొత్తగా చేరినవాళ్లకు నమూనా తీయడం నేర్పే పని నాకే అప్పగించాడు. మూడో ఏడు చోయ్ గారు గుడ్డసంచి లేకుండా వచ్చారు. నేను రిటైరయ్యేదాకా మళ్లీ దాన్ని తేలేదు. నా ఉద్యోగంలో అంతకు మించిన యోగ్యతాపత్రం నాకు ఎవరూ ఇవ్వలేదు.

నాకు తెలిసిందిది. సమృద్ధిని చెప్పే మాటలు ఎన్ని నేర్చినా, అవి చెల్లని చోట నోరు మూసుకున్నవాడికే అవి మరోచోట చెల్లుతాయి. సంతకమూ అంతే.