ఎవరు చేసిచ్చారమ్మా?

కాలేజీ రోబో టీములో నాకిచ్చిన పని పోస్టరు వేయడం. మనుబోలు దాటాక హైవే పక్కనుండే ఇంజినీరింగు కాలేజీలో నేనప్పుడు మెకానికల్ మూడో సంవత్సరం. రెండు రోబోలను ఒక బోనులో వదిలి, ఏది దేన్ని విరగ్గొడుతుందో చూసే పోటీలు మా వైపు కూడా మొదలయ్యాయి. తడ దగ్గర పరిశ్రమల పార్కులో పెద్ద హాలు తీసుకుని అలాంటి పోటీ పెడుతున్నారని తెలిసి మా కాలేజీ పదిమందితో టీము కట్టింది. అందులో ఎనిమిదిమంది మగపిల్లలు. మిగిలిన ఇద్దరం నేనూ, బిట్రగుంట రైల్వే కాలనీ నుంచి వచ్చి హాస్టల్లో ఉండే నా స్నేహితురాలూ.

"నీ రైటింగు బాగుంటది గదా" అన్నాడు కెప్టెన్, రంగు పెన్నుల డబ్బా నా ముందుకు తోస్తూ.

నా రాత కోడి గీకినట్టుంటుంది. నాకు బాగా వచ్చింది వెల్డింగు. మా ఊరు సముద్రానికి దగ్గర, చుట్టూ రొయ్యల గుంటలే. ఆ గుంటల్లో నీళ్ళను చిలికి రొయ్యలకు గాలి అందించే చక్రాలుంటాయి, ఏరేటర్లంటారు. అవి చెడిపోతే బాగుచేసే షెడ్డు మా నాయనది. మాకున్న వరి పొలం ఉప్పు తేలి పనికిరాకుండా పోయాక పెట్టుకున్న షెడ్డు. పదో తరగతి సెలవుల నుంచి నేను అందులో గేరుబాక్సులు విప్పుతూనే ఉన్నాను. ఆ ఎనిమిదిమందిలో జన్మలో ఒక్క బేరింగు లాగినవాడు లేడు. అలాంటిది నా చేతికి రంగు పెన్నులిచ్చేసరికి ఒళ్ళు మండిపోయింది.

"నేను పోస్టరు వెయ్యను. మేమిద్దరం వేరే టీము పెట్టుకుంటాం" అన్నాను.

కెప్టెన్ నవ్వాడు. "పెట్టుకోండి, ఎవరొద్దన్నారు? మీ నాయన ఉండాడు గదా, చేసిస్తాడులే."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆ క్షణం నుంచి పోటీలో గెలిచే కప్పు మీద నాకు ధ్యాస లేదు. మేం చేసిన యంత్రాన్ని మేమే చేశామని అందరూ ఒప్పుకోవాలి. అదొక్కటే పంతం. ఆ మధ్యాహ్నమే ఫారం నింపి పంపించాం. పోటీకి పద్దెనిమిది రోజులుంది.

వర్క్‌షాపు సారు దగ్గరికి వెళ్తే రెండు టీములకు చోటు లేదని చేతులు దులుపుకున్నాడు. ఇక మిగిలింది మా షెడ్డు. నాయన దగ్గరికి పోయి విషయం చెప్పి, "ఒక్క నట్టు కూడా నువ్వు బిగించకూడదు. బిగిస్తే అది నీదైపోతుంది" అన్నాను.

"నా షెడ్డులో నన్ను చెయ్యి పెట్టొద్దంటావా?"

"అవును."

ఆయన తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. మరుసటి రోజు నుంచి ఇనుము పట్టి బిగించే వైసూ, వెల్డింగు మిషనూ నాకు వదిలేసి, తను బయట టార్పాలిన్ కట్టుకుని ఏరేటర్లు ముందేసుకుని కూర్చున్నాడు. రొయ్యల పంట మంచి ఊపులో ఉన్న కాలం. వచ్చినవాళ్ళంతా అడిగేవాళ్ళు, "ఏందన్నా, ఎండలో కూసోనుండావు?" అని.

"లోపల మా పాప ఫ్యాక్టరీ పెట్టింది. నేను వాచ్‌మెన్‌ని" అనేవాడు నాయన. ఆ మాటలో ఎగతాళి ఎంత, నొప్పి ఎంత అని నేనప్పుడు లెక్కేసుకోలేదు. నాకంత తీరిక లేదు.

నిజంగానే లేదు. కాలేజీ బస్సు ఎక్కే ముందు రెండు గంటలు, దిగాక మూడు గంటలు, ఆదివారాలు పూర్తిగా. స్నేహితురాలు హాస్టలు వదిలి మా ఇంట్లోనే మకాం పెట్టింది. పదిహేను కిలోలు దాటకూడదని నియమం. విరిగిపోయిన ఏరేటర్ ఫ్రేముల స్టీలు కోసి చట్రం కట్టాను. కార్ల వైపర్ మోటార్లు చక్రాలకు పెట్టాను. ముందువైపు పళ్ళున్న ఉక్కు డ్రమ్ము, దాన్ని తిప్పడానికి ఒక పెద్ద మోటారు, మధ్యలో బెల్టు. ఎదుటి రోబో ఆ డ్రమ్ముకు తగిలిందంటే ఎగిరి పడాలి. అన్నీ బిగించి రొయ్యలు తూచే కాటా మీద పెడితే పంతొమ్మిది కిలోలు చూపించింది. బరువు పదిహేనుకు దించడానికి నాలుగు రోజులు స్టీలుకు బొక్కలు వేస్తూ కూర్చున్నాం. స్నేహితురాలు రిమోటు పట్టుకుని షెడ్డు గచ్చు మీద నడపడం నేర్చుకుంది. శత్రువులు రొయ్యల ప్లాస్టిక్ క్రేట్లు. నాలుగు క్రేట్లు తునకలయ్యాక, "ఇది చాలే, నాకు చెయ్యి కుదిరింది" అంది.

పదిహేడో రోజు ఒక్క పనే మిగిలింది. మోటార్లకు కరెంటు పంచే కంట్రోలర్ బోర్డును ఒక డబ్బాలో పెట్టి మూయాలి. మూశాను. మా షెడ్డులో కరెంటు డబ్బా ఎట్లా మూస్తామో అట్లాగే మూశాను. పాత సైకిల్ ట్యూబు కోసి మూత కింద వాషరు వేసి, చుట్టూ సిలికాన్ గమ్ము పట్టించి, వైర్లు దూరే బొక్కల్లో గ్రీజు కూరి, చీమ కూడా చొరకుండా బిగించాను. ఉప్పు నీళ్ళూ ఉప్పు గాలీ తిననిది ఏదీ ఉండదు మా వైపు. బోర్డు కనపడితే దాన్ని మూసేయడం మా చేతులకు పుట్టుకతో వచ్చిన అలవాటు. అలా మూసి, గర్వంగా దాని మీద తట్టాను కూడా.

పోటీ రోజు పొద్దున్నే నాయన ట్రాలీ ఆటోలో రోబోను కట్టేసుకుని తడకు బయలుదేరాం. హాలు లోపల నాలుగువైపులా గట్టి ప్లాస్టిక్ అద్దాలతో బోను. దాని పక్కన ఇనుప వల కట్టి, లోపల టీములకు బల్లలు వేశారు. తనిఖీ చేయడానికి ఒక పెద్దాయన వచ్చాడు, ఏదో కంపెనీలో ఇంజినీరట. మా యంత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నవ్వుతూ అడిగాడు.

"ఎవరు చేసిచ్చారమ్మా?"

"మేమే సార్."

"సరే సరే" అని టిక్కు పెట్టుకుని పోయాడు. నమ్మలేదని మొహంలోనే తెలిసింది.

మొదటి ఆట సూళ్ళూరుపేట నుంచి వచ్చిన ఒక టీముతో. మూడు నిమిషాల ఆట. రెండో నిమిషంలోనే మా డ్రమ్ము వాళ్ళ రోబోను ఎత్తి బోల్తా కొట్టించింది. మళ్ళీ లేవలేదది. గెలిచాం. నా స్నేహితురాలు గెంతులేస్తోంది కానీ నేను చూస్తూనే ఉన్నాను, చివరి పది సెకన్లు మా యంత్రం కదల్లేదు. బల్ల మీదికి తెచ్చి డబ్బా మీద చెయ్యి పెడితే చుర్రుమంది. ఏం చేశానో అప్పుడర్థమైంది. బోర్డుకు గాలి కావాలి. అది వేడెక్కితే తనంతట తనే ఆగిపోతుంది. నీళ్ళ చుక్క కూడా లేని ఈ హాల్లో ఉప్పు నీళ్ళకు భయపడి దాని గొంతు నులిమేశాను.

నన్ను నేను తిట్టుకోవడం పూర్తికాకముందే ఆ పెద్దాయన మళ్ళీ వచ్చాడు. వెనకాల మా కాలేజీ కెప్టెన్. తర్వాతి ఆట వాళ్ళతోనే.

"కంప్లయింటు వచ్చిందమ్మా. మీ నాన్నగారు మెకానిక్ అట గదా. బయటివాళ్ళు చేసిన మెషీన్ పోటీకి పనికిరాదు. రుజువైతే తీసేయాల్సొస్తుంది." డబ్బా వైపు వేలు చూపించాడు. "ఈ సీలింగు చూడండి. స్టూడెంట్స్ ఎవరూ ఇట్లా చెయ్యరు. ఇది పాతికేళ్ళు రిపేరు చేసిన చెయ్యి."

"ఇరవయ్యేళ్ళ చెయ్యి సార్, నాదే. పైగా అది తప్పు" అన్నాను.

"తప్పా?"

"గాలి ఆడక బోర్డు కాలిపోతా ఉంది. మా షెడ్డులో ఉప్పు నీళ్ళ భయానికి అన్నీ ఇట్లే మూస్తాం. అలవాటు కొద్దీ ఇక్కడా మూసినాను. మీ ముందరే విప్పుతా, బాగుచేస్తా. ఏమైనా అడగండి."

ఆయన గడియారం చూసుకున్నాడు. ఆటకు ఇరవై ఐదు నిమిషాలుంది. "సరే. మీ నాన్నగారు వల అవతల నిలబడాలి" అన్నాడు. నాయన బయటికి పోయి, వల పట్టుకుని నిలబడ్డాడు. కెప్టెన్ ఇంకో పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

డబ్బా మూత బోల్టుల్లో రెండు డ్రమ్ము మోటారుకు బెల్టు తగిలే పుల్లీ కిందికి వచ్చాయి. తొందరలో కట్టినదాని తంటా అది. ముందు బెల్టు తీయాలి, పుల్లీని మోటారు ఇరుసుకు పట్టి ఉంచే చిన్న స్క్రూ వదులు చేయాలి, పుల్లీ లాగాలి, ఆ తర్వాతే మూత. అన్నీ తీశాను. బ్లేడుతో గమ్ము కోస్తుంటే ఆయన ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఈ స్టీలే ఎందుకు, డ్రమ్ము బరువెంత, మోటారు ఎంత కరెంటు తింటుంది, ఫ్యూజు ఎక్కడుంది. తల ఎత్తకుండా జవాబులు చెప్పాను. నా స్నేహితురాలు డ్రిల్లు పట్టుకుని మూతకు బొక్కలు వేస్తోంది. లోపల ఇనుప రజను పడకుండా బొక్కల మీద దోమల జాలీ ముక్క అంటించాం. ఆయన ప్రశ్నలు తగ్గిపోయాయి. కొంతసేపటికి పూర్తిగా ఆపేసి, ఊరికే నా చేతుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఎంతకాలంగా చేస్తున్నావమ్మా ఈ పని?"

"అయిదేళ్ళుగా."

కాగితం మీద సంతకం పెట్టి, కెప్టెన్‌తో "వీళ్ళే చేశారయ్యా, పో, నీ మెషీన్ చూసుకో" అని వెళ్ళిపోయాడు. నాలుగు నిమిషాలు మిగిలింది. మూత బిగించాను, పుల్లీ ఎక్కించాను, బెల్టు తగిలించాను. కాటా మీద పెట్టి తూచి పరుగున బోనుకు చేర్చాం.

రోబో ఆ రోజంతటిలో ఎప్పుడూ లేనంత చురుగ్గా కదిలింది. మొదటి దెబ్బకే కెప్టెన్ రోబో చక్రం ఒకటి ఊడి అద్దానికి తగిలింది. హాలంతా కేకలు. రెండో దెబ్బకు డ్రమ్ము ఆగిపోయింది. మోటారు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది, డ్రమ్ము మాత్రం కదలదు. కెప్టెన్ బోను అవతల నుంచి చెయ్యి అడ్డంగా ఊపాడు, ఇక ఓడినట్టు ఒప్పేసుకోండని.

స్నేహితురాలు నావైపు చూసింది. "ఏం చేద్దామే?"

"గుద్దు" అన్నాను.

ఆయుధం లేని పదిహేను కిలోల ఇనుముతో మిగిలిన నిమిషమున్నర గుద్దింది. వాళ్ళ రోబో తన రంపంతో కోస్తున్నా పోయి గుద్దింది. వెనకవైపు ప్లేటు ఊడి వేలాడుతున్నా గుద్దింది. గంట కొట్టేసరికి మాదీ కదులుతోంది, వాళ్ళదీ మూడు చక్రాల మీద కుంటుతోంది. జడ్జీలు పాయింట్లు లెక్కేసి వాళ్ళు గెలిచారన్నారు.

బల్ల మీద పెట్టి చూస్తే పుల్లీ వేలితో తిప్పితే ఉత్తగా తిరుగుతోంది. ఆ చిన్న స్క్రూ నేను బిగించలేదు.

బయట ట్రాలీ ఆటోలో రోబోను ఎక్కించి తాడు కడుతుంటే నాయన మెల్లగా అన్నాడు, "నాకు కనపడింది పాపా."

"ఏం కనపడింది?"

"పుల్లీ ఎక్కించినావు, బెల్టు వేసినావు. స్క్రూ బిగించే అలెన్ కీ మాత్రం చేతికి తీసుకోలా."

నా స్నేహితురాలు తాడు వదిలేసింది. "చూసినారా అంకుల్? చూసి కూడా ఊరకుండినారా? ఆ సారు అప్పటికే ఎల్లిపోయినాడు గదా. ఒక్క మాట చెప్పుంటే మనమే గెల్చేవాళ్ళం."

"నోటి దాకా వచ్చిందమ్మా. చెప్తే, ఆ పిలగాడు అన్న మాట నిజమయ్యేది."

హాల్లో రాని ఏడుపు అక్కడ వచ్చింది నాకు. వదులుగా ఉన్న స్క్రూను చూసి చూడనట్టు ఊరుకోవడం ఆయనకు చేతకాదు. దారిన పోయేవాడి సైకిలు చెయిను వదులుగా ఉన్నా ఆపి బిగిస్తాడు. ఆట అయ్యేదాకా ఆయన ఆ వల పట్టుకుని ఎలా నిలబడ్డాడో నాకిప్పటికీ తెలియదు. అన్ని రోజులు ఎండలో కూర్చోబెట్టినందుకు క్షమించమని అడగాలనిపించింది. అడగలేదు, ముక్కు తుడుచుకున్నాను.

అప్పుడే కెప్టెన్ వాళ్ళు బయటికి వచ్చారు. వాడు నన్ను చూడనట్టే చూసి, నాయన దగ్గర ఆగాడు. "రోబో బాగా చేసినారు అంకుల్. లక్కు లేదు, అంతే."

నేను ఆటో వెనక నుంచి దిగాను.

"పుల్లీ స్క్రూ బిగించడం మర్చిపోయింది నేను. అందుకే ఓడినాం" అన్నాను. "మా నాయన చేసుంటే నీ రోబో గోనె సంచిలో ఇంటికి పొయ్యేది."

వాడి వెనకాల ఎవడో కిసుక్కున నవ్వాడు. నాయన ఆటో స్టార్టు చేశాడు.