వాసన లేని విందు

నిజామాబాద్ స్టేషన్లో రైలు దిగేసరికి పొద్దు పొడిచింది. నా భుజాన సంచి, చేతిలో ఐసు పెట్టె. సంచిలో ఒక జత బట్టలు, చిన్న చెక్కపెట్టెలో సిగార్లు, వాటి కొస కోసే కత్తెర ఉన్నాయి. ఐసు పెట్టెలో హైదరాబాద్‌లో కొద్ది కొద్దిగా కాచి అమ్మే చోటు నుంచి తెచ్చిన క్రాఫ్ట్ బీరు సీసాలు. ఏటా చలికాలంలో ఇదే సామానుతో ఇక్కడ దిగుతాను. నేను పుట్టి పెరిగిన ఊరే ఇది. ఇప్పుడు ఇక్కడ నావాళ్ళంటూ ఎవరూ లేరు, అందుకని స్టేషన్ ఎదురుగా లాడ్జిలో గది తీసుకుని స్నానం చేస్తాను. సొంత ఊళ్ళో లాడ్జివాడు "ఏ ఊరు సార్?" అని అడిగినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

స్నానం చేసి కింద హోటల్లో ఇడ్లీ తిన్నాను. తిన్నాను అంటే నమిలి మింగాను. రెండేళ్ళ కిందట ఒక జ్వరం వచ్చింది. పోతూ పోతూ నా ముక్కును పట్టుకుపోయింది. ముక్కు మొహం మీదే ఉంది కానీ వాసన తెలియదు. నాలుక మీద ఉప్పు, పులుపు, తీపి, చేదు తెలుస్తాయి, కారం మంట తెలుస్తుంది. మిగతా రుచంతా వాసనలోనే ఉంటుందని ఎవరూ చెప్పలేదు, పోయాక తెలిసింది. ఇప్పుడు నాకు కాఫీకీ కాకరకాయ రసానికీ తేడా ఒకటి వేడిగా ఉండటమే. డాక్టరు రావచ్చు అన్నాడు, రాకపోవచ్చు అన్నాడు. ఆ మాత్రం నేనూ చెప్పగలను. పొద్దున లేవగానే బీరువాలో కలరా ఉండ తీసి ముక్కుకు ఆనించుకోవడం అలవాటైంది. చల్లగా తగులుతుంది, అంతే.

ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు. పెళ్ళయింది, విడిపోయాం, ఆ గొడవ ఇక్కడ అనవసరం. బయటివాళ్ళకు చెప్పకపోవడానికి వేరే కారణం ఉంది. జనం నన్ను పిలిచేదే నా నాలుక కోసం. బ్యాంకులో పనిచేసిన రోజుల నుంచీ నాకు ఆ పేరు పడిపోయింది. ఏ హోటల్లో బిర్యానీ చల్లారాక కూడా బాగుంటుందో, ఏ బీరులో అరటిపండు వాసన ఉంటుందో, ఏ సిగారు చివరికంటా కాల్చవచ్చో నన్నే అడిగేవాళ్ళు. నాతో కూర్చుంటే తిండి ఇంకాస్త రుచిగా ఉంటుందని మొహం మీదే అనేవాళ్ళు. ఉద్యోగం మానాక ఆ పిలుపులు ఒకటొకటే ఆగిపోయాయి. చివరికి మిగిలింది బోధన్ దగ్గర వ్యవసాయం చేసుకునే నా కాలేజీ స్నేహితుడి పిలుపు ఒక్కటే. వాడికి నా ముక్కు సంగతి తెలిసిపోతే ఇక నన్ను ఎందుకు పిలుస్తాడు? ఆ ఒక్క పిలుపూ పోతే ఏడాదిలో నేను ఎదురుచూసే రోజంటూ ఒకటి ఉండదు. అందుకే కిందటేడు కూడా నటించి వెళ్ళిపోయాను. ఈ ఏడూ అదే చేద్దామని వచ్చాను.

వాడు కారు తీసుకుని లాడ్జి ముందుకు వచ్చాడు. వాడి తాతలు కాలువ నీళ్ళ కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొన్నారు. వాడు పుట్టింది ఇక్కడే అయినా ఇంట్లో మాట అటుదే. నాది ఈ ఊరి మాట. కాలేజీలో ఒకరి మాటకు ఒకరం నవ్వుకుంటూనే దగ్గరయ్యాం.

"ఏరా, చిక్కిపోయావు! సరిగ్గా తినట్లేదా ఏంటి?" అన్నాడు నన్ను చూడగానే.

"మంచిగనే తింటున్న. వయసైతలేదా మరి?" అన్నాను.

"నీకు వయసేంట్రా, రుచి తెలిసిన నోరున్నవాడికి ఎప్పుడూ పడుచుదనమే. ఎక్కు. పొద్దున్నే కోడి చెప్పేశాను."

కోడి చెప్పడమంటే ఇక్కడ ఒక పద్ధతి. నవీపేట్ దాటాక రోడ్డు పక్కన ఒకావిడ ఇంట్లోనే కట్టెల పొయ్యి మీద నాటుకోడి వండి ఇస్తుంది. ప్లేటు లెక్కన అమ్మదు. పొద్దున ఫోన్ చేసి చెబితే ఒక కోడిని కోసి, మన పేరున వండుతుంది. మొత్తం కోడి, పక్కన అన్నం, జొన్న రొట్టెలు, పచ్చిపులుసు. గిన్నె ఆమెదే. తిన్నాక కడిగి తిరిగి ఇచ్చిపోవాలి. ఒక్కడి కోసం కోడిని కోయమని అడగటానికి నాకు ఎప్పుడూ నోరు రాలేదు. అందుకే ఈ కూర నాకు వాడితోనే, ఏడాదికోసారే.

ఆమె మూత బిగించి రోడ్డు మీదికే తెచ్చి ఇచ్చిన గిన్నె తీసుకుని రెంజల్ దగ్గర వాడి పొలానికి వెళ్ళాం. చెరకు మానేసి చాలాకాలమైంది, ఇప్పుడంతా వరే. అప్పుడే నాట్లు పడుతున్నాయి. మోటారు షెడ్డు ముందు రెండు కుర్చీలు, మధ్యలో ఒక బల్ల వేసి ఉన్నాయి. అవతలి గట్టు మీద మహారాష్ట్ర సరిహద్దు దాటి కూలికి వచ్చిన ఆడవాళ్ళు మరాఠీలో ఏదో అనుకుని నవ్వుతున్నారు. ఎండ హాయిగా ఉంది. ఇంత మంచి చోట కూర్చుని నేను చేస్తున్నది ఏమిటంటే, వాడు ఎప్పుడు ఏం అడుగుతాడోనని భయపడటం.

"ముందు నీ బీరు సంగతి చెప్పు" అన్నాడు వాడు. కారు నడపాలి కాబట్టి వాడు గ్లాసులో ఒక గుక్క మాత్రం పోసుకున్నాడు. మిగతాదంతా నాదే.

నేను గ్లాసు ఎండకు ఎత్తి చూశాను. మబ్బుగా, పసుపుగా ఉంది. నురగ నిలబడింది. కళ్ళు పనిచేస్తున్నాయి కదా, చూసినదంతా చెప్పాను. తర్వాత ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. ఏమీ లేదు. చలిలో కిటికీ తెరిస్తే వచ్చే గాలి లాంటిదే.

"గోధుమ బీరురా ఇది. ముందుగాల అరటిపండు వాసనొస్తది సూడు. తర్వాత లవంగం" అన్నాను. పాత రోజుల్లో తాగినప్పుడు తెలిసినదాన్ని పాఠంలా అప్పజెప్పాను.

వాడు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని ఎగపీల్చాడు. "అవున్రా, అరటిపండే! నువ్వు చెప్పకపోతే తెలిసేదే కాదు" అని సంబరపడ్డాడు. వాడికి నేను చెప్పిన వాసన వచ్చింది. నాకు రాలేదు. ఒకే బల్ల దగ్గర మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చున్నాం. వాడు ఒక్కడే ఆ బీరు తాగుతున్నాడు. నాకు గొంతు దాకా వచ్చింది, వాడికి చెప్పేద్దామని. మింగేశాను.

సిగారు ముట్టించాను. "మా తాత కాల్చిన చుట్టే కదరా, కాస్త సూటూ బూటూ వేశారు" అని వాడు ఏటా అనే మాటే అన్నాడు. వాడు కాల్చడు, నా పక్కన కూర్చుని ఆ పొగ పీల్చడం వాడికి ఇష్టం. నాకు నాలుక మీద చేదు, పెదవులకు వెచ్చదనం తెలిశాయి. పొగ పొలం మీదికి పోతుంటే చూస్తూ కూర్చున్నాను. చూడటానికి మాత్రం బాగుంది.

"తోలు వాసన, కాస్త కోకో, చివర్ల మిరియం" అన్నాను. అడగకముందే చెప్పేస్తే మళ్ళీ అడగడు.

ఆ తర్వాత కూర గిన్నె మూత తీశాడు. జొన్న రొట్టె తుంచి, ఎర్రటి పులుసులో ముంచి నోట్లో పెట్టుకున్నాను. కారం దవడలకు ఎక్కింది. ఉప్పు సరిపోయింది. ముక్క గట్టిగా, నమిలేకొద్దీ సాగుతూ నాటుకోడి ముక్కలాగే ఉంది. నాకు తెలిసినంతవరకు అన్నీ ఉన్నాయి. వాడు ఒక ముద్ద తిని ఆగాడు. నా మొహంలోకి చూశాడు.

"ఎలా ఉందిరా?" అన్నాడు, కాస్త నెమ్మదిగా.

ఆ నెమ్మదిని నేను పట్టించుకోలేదు. "అద్భుతంరా! ఈసారి కట్టెల పొయ్యి వాసన ముక్కకు పట్టింది సూడు, గది ఇంకెక్కడ దొరుకుతది?" అన్నాను. వాడు "ఓహో" అని మళ్ళీ తినడం మొదలుపెట్టాడు. నేను ఇంకా మెచ్చుకున్నాను. మసాలా నూరిన తీరును మెచ్చుకున్నాను, ఎండుకొబ్బరి వేయించిన తీరును మెచ్చుకున్నాను. వాడు మాట్లాడకుండా తిన్నాడు. నటన ఇంత బాగా కుదిరిన రోజు ఇదేనని లోపల నేనే నా వీపు తట్టుకున్నాను. ఇద్దరం కలిసి గిన్నె ఖాళీ చేశాం.

బోరు నీళ్ళతో గిన్నె కడిగి, తిరిగి ఇవ్వడానికి ఆమె ఇంటికి వచ్చాం. కారు ఆగగానే ఆమె కొంగు నడుముకు దోపుకుని గబగబా బయటికి వచ్చింది. మొహం ఏదోలా ఉంది. ఆమె నోరు తెరిచేలోపే నేను గిన్నె అందిస్తూ, "అక్కా, ఏం వండినవక్కా! గిట్లాంటి కూర ఎన్నడు తినలే. ఆ పొగ వాసన, ఆ వేయించిన కమ్మదనం, ఇంకా నోట్లెనే ఉన్నది" అన్నాను.

ఆమె గిన్నె పట్టుకున్నది పట్టుకున్నట్టే నిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎక్కిరిస్తున్నవా అన్నా? తప్పైంది, ఒప్పుకుంటున్న. పొయ్యి మీద పెట్టి అవ్వకు బాగలేదంటె లోపటికి పోయిన. వచ్చేసరికి అడుగంటింది. ఇల్లంత మాడు వాసన. ఇంకో కోడి కోద్దమంటె మీరు అప్పటికే వచ్చి నిలబడ్డరు. పైపైన తీసి ఇచ్చిన. తిట్టాల్నంటె తిట్టుండ్రి, పడ్త. గిట్ల ఎక్కిరియ్యొద్దు."

నేను ఎక్కిరించలేదని చెప్పబోయాను. ఏమని చెప్పాలి? మాడిన కూరను మనసారా మెచ్చుకున్నానని చెప్పినా వెక్కిరింపే అవుతుంది. వాడు నా వైపు చూశాడు. ఒక్క క్షణంలో వాడికి అంతా తెలిసిపోయిందని నాకు తెలిసింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"అక్కా, వీడు ఎక్కిరించట్లేదు. వీడికి జలుబు చేసింది. ఏ వాసనా తెలీదు. నువ్వేం అనుకోమాకు, వచ్చే ఏడు మళ్ళీ వస్తాం" అన్నాడు వాడు.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "జలుబైతె ముందుగాల్నే చెప్పొద్దా అన్నా? మిరియాల చారు కాసిద్దును కదా" అంది. కోపం ఎటు పోయిందో పోయింది, లోపలికి వెళ్ళి పొట్లంలో మిరియాలు కట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది. లేని జలుబుకు మందు పట్టుకుని కారెక్కాను.

బోధన్ వైపు వాడి ఇంటికి బయలుదేరాం. రెంజల్ దాటాక వాడు అడిగాడు. "జలుబు కాదు కదా?"

"కాదు."

"ఎన్నాళ్ళయింది?"

"రెండేండ్లు."

వాడు స్టీరింగు మీద చేత్తో కొట్టాడు. "రెండేళ్ళా! ప్రతి ఆదివారం ఫోన్ చేస్తావు. మామిడిపళ్ళు ఈసారి బాగున్నాయన్నావు. మా ఆవిడ పంపిన గోంగూర పచ్చడి అదిరిందన్నావు. నేను ఆవిడకి చెప్తే మళ్ళీ పెట్టింది కదరా నీకోసం!"

ఆ పచ్చడి ఒక్కణ్ణే కూర్చుని ప్రతి రోజూ తిన్నాను. పులుపు తెలిసేది.

"కూర మాడిందని నీకు తెల్సు కదా, నువ్వెందుకు తిన్నవు?" అన్నాను చివరికి.

"నువ్వు అంతలా మెచ్చుకుంటుంటే ఏమనుకోను? నా నోరే పాడైందేమో అనుకున్నా. నీకంటే నాకు ఎక్కువ తెలుసా అని నోరు మూసుకుని తిన్నా. కడుపులో ఇంకా మాడు తిరుగుతోంది" అన్నాడు. అని వాడే నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, కానీ సగంలోనే అది ఏడుపైంది. కారులో ఏడవటం ఎంత ఇబ్బందో, మొహం ఎటు తిప్పినా అద్దమే.

వాడు కారు పక్కకు ఆపాడు. "ఎందుకు దాచావురా?"

"ఇంక నన్ను పిలవవనుకున్న. నా దగ్గర ఇంకేమున్నదిరా, ఎందుకు పిలుస్తవు?"

వాడు బాగా తిట్టాడు. తిట్లన్నీ రాయను. చివర్న మాత్రం, "వాసన చూసేవాడే కావాలంటే మా ఇంట్లో కుక్క ఉంది. దానికి నీకంటే బాగా తెలుసు. దాన్ని కూర్చోబెట్టుకోనా బల్ల దగ్గర?" అన్నాడు. అంతకంటే మంచి మాట నాతో ఎవరూ అనలేదు. అయినా నా లోపలి వెలితి పోలేదు. నన్ను పిలుస్తాడని తెలిసింది, మంచిదే. కానీ పిలిచినా, పక్కన కూర్చున్నా, వాడి నోట్లోది నా నోట్లోకి రాదు. దానికి వాడు చేయగలిగింది ఏమీ లేదు.

బోధన్ చేరేసరికి ఎండ వాలింది. శక్కర్ నగర్ మీదుగా పోయే రోడ్డు. అక్కడ షుగర్ ఫ్యాక్టరీ గోడ వచ్చింది. మా చిన్నప్పుడు చెరకు ఆడే కాలంలో ఈ గోడకు ఎంతో దూరం ముందు నుంచే వాసన వచ్చేది. కాగిన చెరకు పాలు, పులిసిన మడ్డి కలిసిన ఘాటైన తీపి వాసన. బస్సులో నిద్రపోయేవాళ్ళు ఆ వాసనకే లేచి సామాను సర్దుకునేవాళ్ళు. వాడు కాలేజీకి వస్తే వాడి చొక్కాకు ఆ వాసనే ఉండేది. ఇప్పుడు గేటుకు తాళం, లోపల చెట్లు మొలిచి ఉన్నాయి. మూతపడి ఏళ్ళయిందని నాకు బాగా తెలుసు. అయినా అద్దం దించి తల బయట పెట్టాను. మొహానికి చల్లగాలి కొట్టింది.

వాడు కూడా కారు నెమ్మది చేసి తన వైపు అద్దం దించాడు. నాలాగే తల కాస్త బయటపెట్టి గట్టిగా ఊపిరి పీల్చాడు.

"ఏమన్న వస్తున్నదారా?" అని అడిగాను.

"లేదురా. నాకూ ఏమీ రావట్లేదు" అన్నాడు.

గోడ అయిపోయేదాకా ఇద్దరం అలాగే తలలు బయటపెట్టుకుని పోయాం.